నాలుగో చెక్క

కాలేషా అంగడి ఎక్కడికీ కదల్లేదు.
జిల్లాలే దాని మీంచి నడిచిపోయినాయి.
తెరిచిన నాడు నెల్లూరు,
బోర్డు మీద రంగు పాతబడేలోపు ప్రకాశం,
మొన్నీమధ్య మళ్ళీ నెల్లూరు.
బోర్డు మార్పించు తాతా అంటే
"కందుకూరైతే కందుకూరే గదబ్బా" అని
చింతపండు తూకంలో పడిపోయాడు.

తలుపుకి తొమ్మిది చెక్కలు,
చెక్కకొక అంకె.
రాత్రి ఒకటి నుంచి పెడతాడు,
పొద్దున తొమ్మిది నుంచి తీస్తాడు.
ఆయనకి వచ్చిన చదువంతా ఆ తొమ్మిదే.
అందుకని ఎవరి బాకీ వాళ్ళే రాయాలి,
చెక్క లోపలి వైపు,
మేకుకి వేలాడే పెన్సిలుతో.
తీర్చినాక ఎవరిది వాళ్ళే గీకెయ్యాలి,
డబ్బాలో ఉండే గాజుపెంకుతో.
యాభై ఏళ్ళు గీకించుకుని
చెక్కలు నడుము దగ్గర అరిగిపోయినాయి,
వాడిన సబ్బుబిళ్ళల్లాగా.

నేను జాకెట్లు కుడతాను.
నాది ఎనిమిదో చెక్క.
హుక్కులు, లైనింగు, అరడజను గుండీలు,
నడిరాత్రి బాబిన్లో దారం అయిపోతే
పోయి తలుపు తడితే చాలు,
దగ్గుతూ లేచేవాడు.
ఒక పెళ్ళికూతురి జాకెట్టు
ఆ దారంతోనే గట్టెక్కింది.
వాళ్ళు నాకు కూలి ఎగ్గొట్టారనుకో,
అది వేరే సంగతి.

రెండేళ్ళ నుంచీ ఆయన వేళ్ళు వణుకుతున్నాయి.
కాగితం మడత నిలవదు,
పురికొస జారిపోద్ది,
ఆవాలు బల్ల మీద పరిగెత్తుతాయి.
మేమెవరం చూడనట్టే
"ఇటియ్యి తాతా, నా పొట్లం నేను కడితేనే
నాకు తృప్తి" అని
ఎవరి పొట్లం వాళ్ళు కట్టుకున్నాం.
సందు సందంతా కలిసి ఆడిన అబద్ధం.
ఆయనకీ తెలుసు.
ఒకరోజు పెసరపప్పు సగం నేలపాలయ్యాక
ఒంగి ఏరలేదు.
"ఇంక చాల్లేబ్బా" అన్నాడు.

చివరి రాత్రి అంగట్లో సరుకు లేదు.
ఖాళీ డబ్బాల్లో జీలకర్ర వాసన,
ఎవరూ కొనని రెండు పావలా దువ్వెనలు.
నేను చెక్కలు అందిస్తున్నాను,
ఆయన గాడిలో దించుతున్నాడు.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోది ఎత్తి తిప్పేసరికి
చెయ్యి ఆగిపోయింది.

"వెంగమాంబ. తెల్ల దారం రెండు. నల్లది ఒకటి.
మూడు రూపాయల పది పైసలు."

అమ్మ రాత.
"రూపాయల"లో "ల" మరిచిపోయి
పైన ఇరికించిన రాత.
మా ఇంట్లో అమ్మ రాసిన ముక్క ఒక్కటి లేదు.
ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలన్నీ
నోటికే ఉండేవి ఆమెకి,
కాగితంతో పనేముంది?
పోయి పందొమ్మిదేళ్ళు.

పర్సు తీసి పది రూపాయల నోటు చాపాను.
తాత నోటు తీసుకోలేదు.
డబ్బా వెతికి
గాజుపెంకు తీసి నా చేతిలో పెట్టాడు.
"తీరిస్తే గీకాల్సిందే అమ్మా.
నీకైనా అంతే."

వీధిలైటు కింద ఎంతసేపు నిలబడ్డానో.
అవతలింటి కుక్కర్ మూడు కూతలు కూసింది.
నోటు మడిచి మళ్ళీ పర్సులో పెట్టుకున్నాను.
ఆయన ఏమీ అనకుండా
ఐదోది అందుకున్నాడు.
"అది నువ్వు తీసకపో.
లోపల దోచకపోను ఏముందిలే."

పన్ను ఊడిన నోటితో
మూతపడింది అంగడి.

ఇప్పుడు ఆ చెక్క మీదే గుడ్డ కత్తిరిస్తాను,
రాత కిందికి పెట్టి.
హుక్కులకి ఆటో ఎక్కి బజారుకి పోతున్నాను.
అక్కడ మిషను చీటీ ఇస్తారు,
నాలుగు రోజులకి అక్షరాలు వెలిసిపోయి
ఉత్త తెల్లకాగితం మిగుల్తుంది.

మూడు రూపాయల పది పైసలు.
ఇంకా ఇవ్వాలి.